గుమస్తా నడిచిన దారి

నరసింగరావు శ్రీకాకుళంలో రోడ్ల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆమదాలవలస పక్కన వరి పండించుకునే ఇంట్లో పుట్టి, కాకినాడ వెళ్ళి డ్రాయింగు నేర్చుకుని వచ్చాడు. అతను గీసిన ప్లాను మీద ఇంజినీర్లు మళ్ళీ స్కేలు పెట్టి చూసుకునేవారు కాదు. మనిషి మాత్రం బొత్తిగా మితభాషి. ఆఫీసులో ఏం జరిగినా, ఎవరేమన్నా, తల వంచుకుని తన బల్ల దగ్గర తన గీతలు తను గీసుకునేవాడు. అలాంటివాడు ఒకావిణ్ణి తల్చుకుంటే చాలు, గంటలకొద్దీ మాట్లాడేవాడు. ఆవిడ పేరు బాలసరస్వతి.

ఆవిణ్ణి అతను మొదటిసారి చూసింది అరవైఏడులో, దసరా సెలవులు అయిన కొత్తలో. అసిస్టెంటు ఇంజినీరు వేంకటాచలం గారు ఆవిణ్ణి వెంటబెట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చారు.

"నరసింగరావ్, ఈవిడ విజయనగరంలో కాలేజీ పిల్లలకి చరిత్ర చెప్తారు. మన సున్నాలరేవు రోడ్డు మీద అభ్యంతరం పట్టుకొచ్చారు. ఆ ప్లాను ఓసారి తియ్యి."

సున్నాలరేవు సముద్రం ఒడ్డున చిన్న పల్లె. అక్కడి చేపలు పాడవకముందే ఊళ్ళోకి చేర్చాలంటే లారీ ఒడ్డుదాకా పోవాలి. అందుకని రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు చివరి కొస కోటదిబ్బ అనే ఇసకమెట్ట పక్కనుంచి, సముద్రంవైపుగా పోతుంది. ఎప్పుడో డచ్చివాళ్ళు అక్కడ బట్టల వ్యాపారం చేస్తూ కోట కట్టుకున్నారని చెప్పుకుంటారు. ఇప్పుడు మిగిలింది ఇసకలోంచి పైకి లేచిన ఒక మొండిగోడ, అంతే.

"ఆ గోడకీ సముద్రానికీ మధ్యనే కోట ఉండేదని నా అనుమానం. మీ రోడ్డు సరిగ్గా దాని మీద పడుతోంది," అంది బాలసరస్వతి. నలభై దాటని మనిషి, నేత చీర, చేతిలో బరువైన గుడ్డసంచి. వాళ్ళింట్లో మగవాళ్ళందరూ వైణికులు. తనూ వీణ నేర్చుకున్నా, మనసు మాత్రం పాత కాగితాల మీదికి పోయింది.

"నాలుగు బురుజుల కోట కదండీ? బొమ్మ చూశాను, మన ఆఫీసు బంగళాలో తగిలించి ఉంటుంది," అన్నారు వేంకటాచలం గారు.

ఆవిడ నవ్వింది. "ఆ బొమ్మ గీసినాయన ఈ తీరం మొహం చూసి ఉండడండీ. వాళ్ళ దేశంలో కూచుని, కొనుక్కునేవాళ్ళకి బావుండాలని గీశాడు. నేను నమ్ముకున్నది వేరే ఉంది."

సంచిలోంచి కాగితాలకట్ట తీసింది. మద్రాసు రికార్డు ఆఫీసులో వేసవి సెలవులన్నీ కూచుని పెన్సిలుతో దించుకున్న నకళ్ళు. డచ్చి భాష నేర్పేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేకపోతే, అక్కడి మూర్ మార్కెట్లో దొరికిన పాత వ్యాకరణం ఒకటి కొనుక్కుని మొదలుపెట్టింది. తర్వాత ఒక మిషన్ ఆసుపత్రిలో ఆ దేశపు సిస్టర్ ఒకావిడ ఉందని తెలిసి, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వెళ్ళి, రోగులు పలచబడేదాకా వరండాలో కాచుకుని కూచుని, ఒక్కో మాటా అడిగి తెలుసుకుని వచ్చేది. ఇదంతా నరసింగరావుకి తర్వాత తెలిసింది. ఆవేళ ఆవిడ కాగితం విప్పి చదవడమే విన్నాడు.

"వెనక గదిలో కాలు విరిగిన బల్ల ఒకటి. చెదలు తిన్న పెట్టెలు, ఖాళీవి. తుప్పుపట్టిన తాళం, చెవి లేదు. సముద్రంవైపు బురుజు మీద ఫిరంగులు లేవు, గోడ బరువు మొయ్యదు గనక..."

వేంకటాచలం గారు పగలబడి నవ్వారు. "ఇదాండీ చరిత్ర?"

నరసింగరావుకి నవ్వు రాలేదు. ఇలాంటి కాగితం అతనికి కొత్త కాదు.

"ఇది ఛార్జి లిస్టు కదండీ," అన్నాడు మెల్లిగా.

ఆవిడ చటుక్కున అతనివైపు తిరిగింది. "అదేనండీ! కోటకి పాత అధికారి వెళ్ళిపోయి కొత్తాయన వచ్చినప్పుడు అప్పగింత జాబితా రాసేవారు. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఉన్నది లేదని రాస్తే పాతాయన ఊరుకోడు, లేనిది ఉందని రాస్తే కొత్తాయన ఊరుకోడు. రేపు జవాబు చెప్పుకోవలసినవాళ్ళు రాసిన కాగితం ఇది. బొమ్మలో నాలుగు బురుజులున్నాయి. జాబితాలో ఫిరంగులున్నవి రెండు బురుజులే. మూడోది ఇందాక చదివిన సముద్రంవైపు బురుజు. నాలుగోదాని ఊసే లేదు. ఒక్క ఏడాది జాబితాలోనూ లేదు."

"బాగానే ఉంది. అయితే గోడలు ఎక్కడున్నాయో ఇందులో ఎలా తెలుస్తుంది?" అన్నారు వేంకటాచలం గారు.

"గుమస్తా కాగితమూ కలమూ పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తూ రాశాడండీ. ముందు గుమ్మం, దాని పక్కన కాపలా గది, ఆ తర్వాత బట్టల గిడ్డంగి, వంటిల్లు, నుయ్యి. ఆయన నడిచిన వరసలోనే కాగితం ఉంది. గిడ్డంగి ఎంత పొడుగో ఆయన రాయలేదు గాని, కప్పుకి ఎన్ని తాటిదూలాలు ఉన్నాయో రాశాడు. దూలానికీ దూలానికీ ఎడం ఎంతుంటుందో మనకి తెలుసు కదా."

నరసింగరావు చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళుగా అతను లేని రోడ్లని కాగితం మీద గీస్తున్నాడు. పోయిన ఇంటిని దూలాలు లెక్కపెట్టి మళ్ళీ నిలబెట్టవచ్చని అతనికి ఎప్పుడూ తోచలేదు.

ఆ చలికాలమంతా ఆదివారాలు కోటకే పోయాయి. ఆవిడ ఒక్కో గదీ లెక్కకట్టి పంపేది, అతను గీసి పంపేవాడు. కొన్నిసార్లు ఆవిడే పాసింజరు బండిలో ఆమదాలవలసలో దిగి, నేరుగా అతనింటికి వచ్చి, అతని భార్య చిన్నతల్లి పెట్టిన ఉప్మా తింటూ ప్లాను మీద వేలుపెట్టి వాదించేది. "ఈ గోడ ఇంత మందం ఉండదండీ. తలుపుకి బందులు చిన్నవి రాశాడు చూడండి. చిన్న బందుల మీద బరువు తలుపు నిలవదు, బరువు తలుపు లేని చోట మందం గోడ దేనికి?" అతను ఒప్పుకునేవాడు, లేకపోతే కాదనేవాడు. కాదన్నప్పుడు ఆవిడ మొహం చిన్నబుచ్చుకోవడం ఒక్కసారీ చూడలేదు. ఎందుకు కాదో చెప్పేదాకా మాత్రం వదిలేది కాదు.

సంక్రాంతి ముందు ప్లాను పూర్తయింది. వేంకటాచలం గారు దాన్ని చాలాసేపు చూసి, రోడ్డు లైను దిబ్బకి అవతలి పక్కకి, దాని వెనక పారే ఉప్పుటేటివైపుకి జరిపించారు. కొత్త లైను పొడుగునా గుర్తుకి కొయ్యమేకులు, పెగ్గులు, కొట్టారు. బాలసరస్వతి వాల్తేరులో జరగబోయే చరిత్ర సభలో ఈ సంగతి మీద వ్యాసం చదవడానికి ఒప్పుకుంది. కాగితం మీది కోటని నేలమీద సరిగ్గా ఎక్కడ నిలబెట్టాలో కొలిచి పెట్టమని నరసింగరావుని అడిగింది.

అతను సున్నాలరేవు వెళ్ళాడు. రోడ్డు పనికి కూలీలని నడిపే మేస్త్రీ ఎర్రన్న కొలతగొలుసు పట్టాడు. సర్వేకి వాడే మూడుకాళ్ళ బల్ల, ప్లేన్ టేబులు, నిలబెట్టి మొండిగోడ కొలవడం మొదలుపెడితే, అది ఒట్టి గోడ కాదు, మూల అని తేలింది. ఇసక తోయించి చూస్తే ఒక పక్క నున్నగా, నిటారుగా ఉంది. రెండోపక్క గుల్లసున్నం పూతతో, కిందికి వచ్చేకొద్దీ వాలుగా వెడల్పయింది. కోటగోడకి వాలు బయటివైపే ఉంటుంది. ఇక్కడ వాలు సముద్రంవైపు ఉంది.

నరసింగరావు ఆ వాలు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. బయట సముద్రం అయితే, లోపల ఉప్పుటేరు. కోట ఇటు లేదు, అటుంది. కొత్తగా పెగ్గులు కొట్టిన చోటే ఉంది.

"ఏటి బాబూ, అలగ నిలబడిపోనారు?" అన్నాడు ఎర్రన్న.

"ఏటీ లేదు. ఇంకోపాలి కొలుద్దాం పట్టు."

ఇంకోసారి కొలిచినా అదే వచ్చింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని కెలుకుతుంటే చిన్నతల్లి అడిగింది, "ఏటైనాది నీకు?"

చెప్పాడు. ఆవిడ నెలల తరబడి పడ్డ కష్టం, దగ్గరపడ్డ సభ, తన మాట మీదే లైను మార్పించుకోవడం, అన్నీ చెప్పాడు. "కోటని సముద్రం కోసీసిందని రాస్తే ఎవులూ అడగరు. ఆ ఒడ్డు ఏడాదికింత కోసుకుపోతన్నాది కదా," అని కూడా అన్నాడు.

"మరి రోడ్డు ఏటవుతాది?"

"కోటమీదే పడతాది."

"అయితే ఇంకా ఆలోసనేటి? ఆవిడ ఈ కోట కోసం కాదేటి ఇంత తిరిగినాది? రేపు బేగి ఎల్లి సెప్పు."

మర్నాడు విజయనగరంలో ఆవిడ ఇంటి వరండాలో నరసింగరావు షీటు విప్పాడు. లోపల ఎవరో వీణ మీద సాధన చేస్తున్నారు. బాలసరస్వతి వంగి చూసింది. గోడ వాలు దగ్గర వేలు ఆగింది.

"రెండుసార్లు కొలిచేనమ్మా," అన్నాడు నరసింగరావు, తప్పు తనదే అయినట్టు.

"మీరు కొలిస్తే ఒకసారి చాలు," అంది. మొహంలో కాస్త రంగు తగ్గింది గాని గొంతు స్థిరంగానే ఉంది. "తప్పింది నేను. ఎక్కడ తప్పానో ఇంకా తెలీదు. అక్కడ పని ఎప్పుడు మొదలు?"

"సోమారం కంకర దిగుతాది."

"అయితే ముందు ఇంజినీరు గారి దగ్గరికి పదండి."

"ఇప్పుడేనా? ఎక్కడ తప్పేమో తేలినాక వెళ్తే..."

"తేలేదాకా ఆగితే కంకర ఆగుతుందాండీ?"

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ వేంకటాచలం గారి ముందు నిలబడ్డారు. ఆవిడ డొంకతిరుగుడు లేకుండా చెప్పింది, "నేను పొరబడ్డానండీ. కోట నేను చెప్పిన వైపు లేదు."

వేంకటాచలం గారికి కోపం వచ్చింది. రావలసిందే. "అప్పుడు ఇటన్నారు, లైను అటు జరిపాను. ఇప్పుడు అటంటున్నారు. పైవాళ్ళకి నేనేం చెప్పుకోను?"

"ఇప్పుడు నేను ఎటూ అనటం లేదండీ. తెలీదంటున్నాను. నా మాట విని మీరు మాట పడ్డారు, ఆ సంగతి నేనే కాగితం మీద రాసిస్తాను, పైకి పంపండి. సోమవారం దాకా మాత్రం ఆ పెగ్గుల దగ్గర పార పడనివ్వకండి."

తనకి తెలీదని ఇంజినీరు ఎదట ఒప్పుకునేవాళ్ళు ఆ గదిలోకి వచ్చి చాలా కాలమైనట్టుంది. "సోమవారం దాకా," అన్నారు.

తెల్లారి సున్నాలరేవు చేరేసరికి గాలి గట్టిగా వీస్తోంది, కెరటాలు పెద్దవిగా ఉన్నాయి. బాలసరస్వతి జాబితా చేత్తో పట్టుకుని దిబ్బంతా తిరిగింది. గుమ్మం అని చదివి ఒక చోట నిలబడేది, కాపలా గది అని రెండడుగులు వేసేది, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటికి వచ్చేది. ఊళ్ళోంచి కోటకి వచ్చే బాట వైపునే పెద్ద గుమ్మం ఉండాలి కదా అని ఆవిడ లెక్క. అక్కణ్ణించి నడిస్తే గిడ్డంగి ప్రతిసారీ గోడ దాటి సముద్రంలోకి పోతోంది. ఎండ ఎక్కింది. చివరికి మొండిగోడ మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, వేటనుంచి వస్తున్న పడవల్ని చూస్తూ కూచుంది.

పడవలు నేరుగా ఒడ్డుకి రావటం లేదు. ఆ కెరటాల్లో వస్తే బోల్తా పడతాయి. ఒక్కొక్కటీ పక్కకి తిరిగి, ఉప్పుటేటి మొగలోకి దూరి, నిలకడ నీళ్ళలో దిబ్బ వెనక్కి చేరుతున్నాయి.

బాలసరస్వతి లేచి నిలబడింది.

"నరసింగరావు గారూ! కొత్తగా ఛార్జి తీసుకోడానికి వచ్చే డచ్చాయన ఎక్కణ్ణించి వస్తాడు?"

"ఓడమీంచి వస్తాడండి."

"ఓడ దూరంగా ఆగుతుంది. అక్కణ్ణించి పడవలో వస్తాడు. ఆ పడవ ఎటు వస్తుంది?"

అతనూ పడవలవైపు చూశాడు.

"ఉప్పుటేటి దారినమ్మా!"

"ఆయన నీళ్ళమీంచి వచ్చాడండీ! నేను ఇన్నాళ్ళూ ఆయన్ని ఊళ్ళోంచి, ఎడ్లబండి మీద తీసుకొస్తున్నాను. పెద్ద గుమ్మం ఏటివైపు. బట్టల మూటలు పడవల్లోకి ఎక్కించాలంటే గిడ్డంగి గుమ్మం పక్కనే ఉండాలి, ఉంది కూడా! జాబితాలో చిట్టచివర వచ్చేది సముద్రం బురుజు. గుమస్తా చివరికి అక్కడికి నడిచాడు కనక చివర రాశాడు."

ఆవిడ చిన్నపిల్లలా ఏటి ఒడ్డుకి పరిగెత్తింది. అక్కడ నీళ్ళకి వీపు పెట్టి నిలబడి, గాలికి కాగితాలు రెపరెపలాడుతుంటే గొంతెత్తి చదువుతూ దిబ్బ మీదికి నడిచింది. నరసింగరావు ట్రేసింగు కాగితం మీది ప్లానుని తిప్పి, బల్ల మీద పరిచి, మొండిగోడ మూలకి ఆనించాడు. బురుజు మూల గోడ మూల మీద చక్కగా కూచుంది. గిడ్డంగి దూలాలతో సహా దిబ్బ లోపలికి వచ్చింది. ఒక్క గది కూడా నీళ్ళలోకి పోలేదు.

"ఇది నిజమైతే నుయ్యి ఎక్కడుండాలి?" అంది ఆవిడ ఆయాసపడుతూ.

అతను ప్లాను మీద సూదిమొనతో ఒక చుక్క పెట్టాడు. గొలుసు లాగి ఆ చోట కర్ర పాతాడు. రోడ్డు పెగ్గుల వరస దాని పక్కనుంచే పోతోంది.

తవ్వాలంటే ఇంజినీరు మాట కావాలి. కబురందుకుని వేంకటాచలం గారు సాయంత్రానికల్లా జీపులో వచ్చారు. చెప్పిందంతా విని, "తవ్వండి. లేకపోతే మాత్రం నేను ఇంక వినను," అన్నారు. ఎర్రన్న నలుగురు మనుషుల్ని దింపాడు.

ఇసక తీశారు. ఇంకా ఇసకే వచ్చింది. నడుంలోతు అయింది. పార తగిలిన చోటల్లా మెత్తగా దిగుతోంది. వేంకటాచలం గారు గడియారం చూసుకున్నారు. నరసింగరావు, తను చుక్క పెట్టడంలోనే పొరపాటు చేశానేమో అని మళ్ళీ బల్ల దగ్గరికి పోబోయాడు.

"వద్దండీ," అంది బాలసరస్వతి. "మీ చుక్క సరైందే. అక్కడ లేకపోతే నేను చెప్పింది మళ్ళీ తప్పన్నమాట. అదీ తెలియాలి కదా, తవ్వనివ్వండి."

ఆ మాట ఆవిడ ధైర్యం చెప్పడానికి అనలేదు. నుయ్యి ఉన్నా లేకున్నా తెలుసుకోవాలనే ఆత్రం తప్ప ఆ మొహంలో వేరే భయమేదీ నరసింగరావుకి కనబడలేదు. ఇలాంటి మనిషి పక్కన పనిచేస్తున్నానని అతనికి లోపల ఎక్కడో గర్వం కలిగింది.

గోతిలోంచి ఎర్రన్న కేక వేశాడు. "అమ్మగారో! ఇటిక తగిల్నాది!"

చేతులతో ఇసక తోశారు. ఇటిక పక్కన ఇటిక, అంచు వంకరగా తిరుగుతూ పోయింది. వంపు తిరిగే ఇటికలు నూతి ఒరకి తప్ప ఇంకెక్కడా ఉండవు. వేంకటాచలం గారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తనే గోతిలోకి దిగారు. ఒర చుట్టూ అరచెయ్యి ఆనించి తడిమారు. పైకి చూసినప్పుడు ఆయన మొహంలో ఇందాకటి చిరాకు ఏ కోశానా లేదు.

"అమ్మా, ఇంత ఇసక కింద ఉన్న నూతిని కాగితం చదివి చూపించారా!"

"గుమస్తా చూపించాడండీ. నేను ఆయన్ని తప్పుదారిన పట్టుకొచ్చినా, నరసింగరావు గారి కొలత నన్ను వెనక్కి తిప్పింది," అంది ఆవిడ. తర్వాత ఆ గోతి అంచునే ఇసకలో కూచుని కళ్ళు తుడుచుకుంది.

రోడ్డు లైను మళ్ళీ మారింది. ఈసారి దిబ్బని అటూ ఇటూ తాకకుండా, సరుగుడు తోట వెనకనుంచి చుట్టు తిరిగి రేవు చేరేలా వేంకటాచలం గారే దగ్గరుండి పెగ్గులు కొట్టించారు. బాలసరస్వతి రాసిచ్చిన కాగితం పైకి పంపమంటే, "అక్కర్లేదులెండి," అన్నారు. ఆవిడ పట్టుబట్టి పంపించింది.

వాల్తేరు సభకి నరసింగరావు సెలవు పెట్టి వెళ్ళాడు. పెద్ద హాలు, ముందువరసలో తలలు నెరసిన ప్రొఫెసర్లు. ఆవిడ ముందుగా గోడకి తగిలించింది తన తప్పు ప్లాను. అది ఎలా కట్టిందో, ఎందుకు నమ్మిందో, ఎక్కడ విరిగిందో ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆ తర్వాతే రెండో ప్లాను తగిలించింది. కోట పేరు కింద నరసింగరావు పేరు తాటికాయంత అక్షరాలతో రాసి ఉంది. ఆవిడే రాసింది. అతను సిగ్గుతో కుర్చీలో ముడుచుకుపోయాడు.

ముందువరసలో ఒక పెద్దాయన లేచారు. "రెండోది ఒక్కటీ చూపిస్తే సరిపోయేది కదమ్మా. మొదటిది మాకెందుకు?"

"రేపు ఇంకెవరో ఇంకో రేవు జాబితా పట్టుకుంటారండీ," అంది ఆవిడ. "వాళ్ళు కూడా నాలాగే భూమివైపు నుంచే కోటలోకి నడుస్తారు. నేను పడ్డ గొయ్యి ఎక్కడుందో వాళ్ళకి ముందే తెలియాలి కదా."

ఆ పెద్దాయన కూచోలేదు. నిలబడే చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

తిరుగు బండిలో ఇద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూచున్నారు. కొత్తవలస దాటాక బాలసరస్వతి సంచిలోంచి పల్లీల పొట్లం తీసి మధ్యలో పెట్టింది.

"వేసవిలో మళ్ళీ మద్రాసు వెళ్తున్నాను. దక్షిణాన ఇంకో కోట జాబితాలు ఉన్నాయట, అరవై ఏళ్ళ పొడుగునా. ఏటేటా ఒక్కో గది కట్టుకుంటూ పోయారట. అవన్నీ వరసగా గీస్తే ఆ కోట మన కళ్ళముందే పెరిగినట్టు కనబడుతుంది. చాలా పెద్ద పని మరి. మీకు వీలవుతుందో లేదో..."

"ఎప్పుడు మొదలెడదామమ్మా?" అన్నాడు నరసింగరావు.

విజయనగరం వచ్చేదాకా అతను ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కో ఏడాదికీ ఒక్కో ట్రేసింగు కాగితం గీసి, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే ఎలా ఉంటుందో పల్లీ పొట్టుతో కూచున్న బల్ల మీద గీసి చూపించాడు. ఆవిడ వంగి చూస్తూ, మధ్యమధ్య కాదంటూ, స్టేషను వచ్చిన సంగతి మర్చిపోయి, బండి కదులుతుంటే సంచి చంకన పెట్టుకుని గబగబా దిగింది.